నిద్రించే విత్తు

విత్తు అనేది తెలుగులో రెండక్షరాల మాట. అది నామవాచకమూ అవుతుంది, క్రియాపదమూ అవుతుంది. విత్తును విత్తుతాము, ఏ విత్తు నాటితే ఆ చెట్టే మొలుస్తుందని పిల్లలకు బుద్ధి చెబుతాము. ఈ మాటల వెనుక దాగి ఉన్న నమ్మకం ఒకటే. మంచి విత్తు వాన పడగానే మొలుస్తుంది. మొలవనిది తాలుగింజ, దానిని పారవేయవలసిందే. ఈ నమ్మకంలో సగమే నిజమున్నదని మా మెట్ట నేల నాకు నేర్పింది. మిగిలిన సగమేమిటో ఈ వ్యాసంలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నేను తెలుగు సాహిత్యం బోధించేవాడిని. వృక్షశాస్త్రం నా శాఖ కాదు. అయినా మెట్టరైతు ఇంట పుట్టినవానికి విత్తనం సంగతి పరాయిది కాజాలదు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి గాని, పెద్దల నోట నేటికీ అది కృష్ణా జిల్లా మెట్టయే. డెల్టాలో కాలువ వదిలిన తేదీని బట్టి వ్యవసాయం సాగుతుంది. మెట్టలో ఆకాశం కేసి చూసి సాగుతుంది. నాగార్జునసాగరు ఎడమకాలువ కొన్ని గ్రామాల దాహం తీర్చిన మాట నిజమే. అయినా గుట్టలకు, గట్లకు, బీళ్ళకు నేటికీ వానే దిక్కు. అటువంటి నేలలో విత్తుకు తొందర పనికిరాదు.

మొదట వంటింటి సంగతి చెబుతాను. రంజాన్ నెలలో ఇఫ్తారు వేళకు గుగ్గిళ్ళు చేయడానికి మా అమ్మీ పొద్దున్నే పెసలు నానబోసేది. సాయంత్రానికి గింజలన్నీ ఉబ్బి మెత్తబడేవి. కాని ప్రతిసారీ పదో పరకో గింజలు పగలంతా నీటిలో ఉండి కూడా నీరు తగలనట్లే గట్టిగా మిగిలేవి. ఉడికించినా అవి పంటికింద రాళ్ళవలె తగులుతాయి గనుక, వాటిని ముందుగానే ఏరి పెరటిలో పారవేసేది. తొలకరి తర్వాత ఏ వారానికో అక్కడ రెండు మూడు పెసర మొక్కలు తలయెత్తేవి. వంటకు పనికిరాదని పారవేసిన గింజలో ప్రాణం పోలేదన్నమాట.

శాస్త్రజ్ఞులు ఈ స్థితిని సుప్తావస్థ అన్నారు. మన వ్యవసాయ శాఖ వారు రైతులకు చెప్పేటప్పుడు నిద్రావస్థ అంటారు. ఈ నిద్ర ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది పెంకు వలన కలిగే నిద్ర. పెసర, తుమ్మ, తంగేడు, రేల, దిరిసెన మొదలైన చిక్కుడు వంశపు మొక్కలలో ఇది విశేషంగా కనిపిస్తుంది. విత్తుపై పొరలో పొడుగాటి కణాలు దడి కట్టినట్లు ఒకదానిని ఆనుకొని ఒకటి నిలిచి, నీటి చుక్కను సైతం లోనికి రానీయవు. విత్తు కాయకు అంటుకొని ఉండిన మచ్చ దగ్గర ఒక బలహీనమైన చోటు ఉంటుంది. ఎండకో వేడికో అది విచ్చుకొన్ననాడే నీరు లోనికి పోతుంది. రెండవది లోపలి పిండానికే చెందిన నిద్ర. నీరు చేరుతుంది, కాని మొలక రాదు. మొలకను ఆపి ఉంచే అబ్సిసిక్ ఆమ్లం తగ్గి, లేపే జిబ్బరెల్లిన్ల ప్రభావం పెరిగినప్పుడే ఆ విత్తు కన్ను తెరుస్తుంది. కొత్తగా కోసిన కొన్ని వరి రకాలను నారు పోయడానికి ముందు నత్రికామ్లం కొద్దిగా కలిపిన నీటిలో నానబెట్టమని అధికారులు చెప్పేది ఈ నిద్రను పోగొట్టడానికే.

మరి ప్రకృతి ఈ నిద్రను ఎందుకు కల్పించింది? మెట్టరైతుకు ఈ ప్రశ్న విప్పి చెప్పనక్కరలేదు. జ్యేష్ఠంలో ఒక జల్లు పడుతుంది. నేల గుబాళిస్తుంది. ఆపైన ఇరవై రోజులు చినుకు ఉండదు. ఆ జల్లుకే మొలిచిన ప్రతి మొక్కా మాడిపోతుంది. ఒక చెట్టు గింజలన్నీ ఒకే వానకు మొలిచిన పక్షంలో, ఆ ఒక్క మోసంతో దాని సంతతి అంతా నశిస్తుంది. అందుచేత పొడి దేశాల చెట్లు తమ గింజలకు వేర్వేరు మందాల పెంకులు తొడిగినవి. కొన్ని ఈ ఏడు మొలుస్తాయి, కొన్ని వచ్చే ఏడు, కొన్ని పదేళ్ళకు. అమెరికాలోని కాలిఫోర్నియా ఎడారి మొక్కలను పరిశీలించిన ఫ్రిట్స్ వెంట్ అనే శాస్త్రజ్ఞుడు, కనీసం అరంగుళం వాన పడితేగాని అక్కడి గింజలు కొన్ని మొలవవని గమనించాడు. పై పొరలో ఉన్న నిరోధక ద్రవ్యాలు కడుక్కుపోవడానికి ఆ మాత్రం నీరు కావలెను. అనగా ఆ గింజ వానను కొలిచి చూసి మరీ లేస్తుంది.

నిద్ర లేకపోవడం కూడా ఒక నష్టమే. గుత్తి రకపు వేరుశనగ పీకే రోజుల్లో వాన పట్టుకుంటే కాయలు భూమిలోనే మొలకెత్తి రైతు నోట మన్ను కొడతాయి. కోతకు వచ్చిన వరి తుపానుకు పడిపోయి, వెన్నుమీదనే మొలకలు రావడం మన కోస్తా రైతు చూడని దృశ్యం కాదు. కనుకనే రెండు మూడు వారాల నిద్ర గల రకాల కోసం శాస్త్రజ్ఞులు వెదుకుతారు. వేళకు ముందు మేలుకోవడం వేళకు మేలుకొనకపోవడమంత ప్రమాదకరమని దీనివలన తేలుతున్నది.

నిద్రను పోగొట్టే తాళపుచెవులు అనేకం. నందిగామ, జగ్గయ్యపేట మండలాలలో వేలాది ఎకరాలలో కాగితపు మిల్లుల కోసం పెంచిన సుబాబుల్‌ను చూడని విద్యార్థి మనలో ఉండడు. ఈ సంచిక కాగితంలో ఆ చెట్టు గుజ్జు కొంత ఉన్నా ఆశ్చర్యం లేదు. ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. దాని గింజ నున్నగా, గోధుమరంగులో మెరుస్తుంది. పచ్చినీటిలో ఎన్నాళ్ళు ఉంచినా అధికభాగం నానదు. మా అబ్బా చేనిగట్టున సుబాబుల్ వేసిన సంవత్సరం నాకు బాగా గుర్తు. నీరు మరగకాచి, పొయ్యి మీదనుండి దింపి, కొద్దిగా చల్లారనిచ్చి గింజలను అందులో పోశారు. నాలుగైదు నిమిషాల తర్వాత వడకట్టి, రాత్రంతా చల్లటి నీటిలో ఉంచారు. దారిన పోయే ఒక పెద్దమనిషి ఆగి, “ఏం సాయిబూ, విత్తనాలు ఉడకేస్తన్నావా? పప్పులోకా, పులుసులోకా?” అని నవ్వాడు. “తినడానికి కాదు బాబాయ్, నిద్ర లేపుతున్నా” అన్నారు అబ్బా. మర్నాటికి గింజలు ఉబ్బి రెట్టింపైనవి. వేడి అతిగా తగిలితే అవి ఉడికిపోయేవే. తక్కువైతే కదలకుండా ఉండిపోయేవి. ఆ నాలుగైదు నిమిషాల కొలతలోనే విద్య అంతా ఉన్నది.

నల్లతుమ్మ తాళం మేక కడుపులో ఉన్నది. ఎండాకాలం పచ్చిక లేని వేళ మేకలు తుమ్మకాయలు ఇష్టంగా తింటాయి. గింజలు కడుపులో నాని, కొన్ని నెమరువేసేటప్పుడు నోటినుండి, కొన్ని పెంటికలతోను బయటపడతాయి. మేకల దొడ్లలో ఏరిన తుమ్మగింజ చెట్టుకింద ఏరినదానికంటే బాగా మొలుస్తుందని అటవీశాఖ వారికి ఏనాటినుండో తెలుసు. రేలకాయ గుజ్జు కోసం వచ్చే ఎలుగుబంట్లు, నక్కలు, కోతులు ఆ చెట్టు గింజలను దూరదూరాలకు చేరవేస్తాయి. టేకు సంగతి మరింత మొండిది. దాని కాయలోని టెంక రాయివంటిది. రాత్రి నానబెట్టి పగలు ఎండబెట్టుతూ రోజుల తరబడి చేసినా కొన్ని మొలుస్తాయి, కొన్ని మరుసటి ఏడు మొలుస్తాయి. కేరళలోని నీలంబూరులో 1840లలో మొదటి టేకు తోట వేసినప్పుడు దొరలు ఈ గింజను మొలిపించడానికి నానా తంటాలు పడ్డారు. కాయలపై గడ్డి పరచి పైపైన కాల్చడం కూడా టేకు నర్సరీలకు తెలిసిన పాత ఉపాయమే.

గడ్డిమంట దగ్గరకు వచ్చాము గనుక, నిప్పునే నమ్ముకొని బ్రతికే మొక్కల ముచ్చట చెప్పుకోవాలి. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలోను, ఆస్ట్రేలియా పడమటి భాగంలోను వేసవిలో పొదలు తగులబడడం తరతరాల ప్రకృతి ధర్మం. అక్కడ బ్యాంక్సియా అనే చెట్టు తన కాయలను ఏళ్ళ తరబడి మూసి ఉంచి, మంట వచ్చి పోయిన తర్వాతనే నోరు తెరుస్తుంది. మట్టిలో దాగిన గట్టి గింజలు ఆ వేడికి పెంకు విచ్చుకొని, తరువాతి వానకు గుంపులుగా లేస్తాయి. అప్పుడు పైన నీడపట్టే కొమ్మ ఉండదు, బూడిదలో సత్తువ ఉంటుంది, వెలుగు నేలను తాకుతుంది. పసిమొక్కకు అంతకంటే మంచి అదను లేదు.

అంతకంటే వింత మరొకటి ఉన్నది. 1990లో దక్షిణాఫ్రికాలో డి లాంగె, బౌచర్ అనే ఇద్దరు పరిశోధకులు, కొన్ని గింజలకు వేడితో పని లేదనీ, పొగ సోకితే చాలుననీ కనుగొన్నారు. పొగలో ఏమున్నదో తెలుసుకోవడానికి మరి 14 సంవత్సరాలు పట్టింది. 2004లో ఆస్ట్రేలియాలో ఫ్లెమాటి, ఆయన సహచరులు మొక్కల పొగలోను, మామూలు వడపోత కాగితం కాల్చిన పొగలోను ఉన్న ఒక పదార్థాన్ని వేరుచేశారు. నూరు కోట్ల పాళ్ళ నీటిలో ఒక పాలు ఉన్నా అది గింజను లేపగలదు. ఆ జాతి పదార్థాలకు కర్రికిన్లు అని పేరు పెట్టారు. పడమటి ఆస్ట్రేలియా ఆదివాసులైన నూంగార్ల భాషలో కర్రిక్ అనగా పొగ. మన కర్రకు వారి కర్రిక్‌కు పోలిక కాకతాళీయమే. అయినా శాస్త్రం తన కొత్త మాటకోసం లాటిన్‌ను గాక ఒక ఆదివాసుల భాషను ఆశ్రయించడం భాషోపాధ్యాయునిగా నాకు ఎంతో తృప్తినిచ్చింది.

మంట, నీరు రెండూ కలిసి చేసిన ఒక పని 1940లో లండన్‌లో జరిగింది. యుద్ధకాలపు బాంబులకు ప్రకృతి చరిత్ర మ్యూజియంలోని వృక్షశాల అంటుకున్నది. మంటలార్పడానికి కొట్టిన నీరు, 1793లో చైనాలో సేకరించి భద్రపరచిన గింజలపై పడింది. అవి మన దిరిసెనకు దాయాదియైన ఒక చెట్టువి. 147 సంవత్సరాలు కాగితపు పొట్లంలో ఎండి ఉన్న ఆ గింజలలో కొన్ని మొలకెత్తినవి. వాటిని తెచ్చినవారు, దాచినవారు అందరూ గతించారు. గింజ మాత్రం నిలిచింది.

ఇక మన సంగతి. మన గుట్టలు కేప్ వంటివి కావు. మన మొక్కలలో చాలావాటికి మంట అనివార్యం కాదు. మన ఎండే మనకు నిదానపు మంట. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవారన్న మాట ఊరకే పుట్టలేదు. వేసవి ఎండల వార్తలలో నందిగామ పేరు వినబడని సంవత్సరం అరుదు. పగలు కాలు పెట్టలేనంతగా కాగి, రాత్రికి చల్లబడే మట్టిలో గట్టిగింజల పెంకు రోజురోజుకూ సడలుతుంది. రోళ్ళను పగలదీసే రోహిణి గింజను పగలదీయదా? ఆ వెంటనే మృగశిర చినుకు వస్తుంది. జగ్గయ్యపేట దగ్గర ధనంబోడు మీద శిథిల స్తూపం చూడబోయేవారు ఎండాకాలంలో అక్కడ ఎండుగడ్డినీ ముళ్ళనూ చూసి ఇది చచ్చిన నేల అనుకుంటారు. జూలైలో వెళితే అదే నేల పచ్చగా ఎదురవుతుంది. 1882లో బర్జెస్ దొర త్రవ్వించే వరకు ఆ దిబ్బలో ఏమున్నదో లోకానికి తెలియదు గదా!

ఇంత చెప్పి మంటను పొగడితే అన్యాయమవుతుంది. మన అడవులలో ఫిబ్రవరి నుండి వానల దాకా చెలరేగే మంటలలో అధికభాగం మానవులు పెట్టినవే. తునికికి లేతాకు రావాలని కొందరు, ఇప్పపూలు ఏరుకోవడానికి నేల శుభ్రపడాలని కొందరు నిప్పు పెడతారు. తునికి వేరునుండి చిగిర్చి నిలబడుతుంది. కాని ఏటేటా కాలే అడవిలో పసిమొక్క చెట్టయ్యే వ్యవధి దొరకదు. మంట మొలిపించిన గింజల లెక్క చెప్పేవారు మంట కాల్చిన గింజల లెక్క చెప్పరు. నేలపైన పడి ఉన్న గింజ బూడిద అవుతుంది. అంగుళం మట్టి కప్పుకొని ఉన్న గింజకు ఆ మంటే కొలతపెట్టిన వేడిగా అందుతుంది. మట్టి వేడిని మెల్లగా పంపుతుంది గనుక, పైన వందల డిగ్రీల జ్వాల ఉన్నా కింద గింజను లేపేపాటి వెచ్చదనమే చేరుతుంది. కనుక గింజను కాపాడినది మంట కాదు, మట్టి.

ఈ మాట దగ్గర నేను మన కళాశాల గురించి ఆలోచిస్తాను. విత్తన పరీక్షాశాలలో ఒక పద్ధతి ఉన్నది. 400 గింజలను తడికాగితంపైనో ఇసుకలోనో ఉంచి, పెసరకైతే సుమారు వారం రోజుల తర్వాత లెక్కిస్తారు. ఆ లెక్కలో గడులు ఐదు. మంచి మొలకలు, వికలమైన మొలకలు, నీరు పీల్చని గట్టి గింజలు, నీరు పీల్చి కూడా మొలవని తాజా గింజలు, చచ్చిన గింజలు. గడువులోగా మొలవని గట్టి గింజను చచ్చినదానితో కలపరు. మన దేశపు విత్తన ధ్రువీకరణ ప్రమాణాలలో పెసర, మినుము, కందులకు కావలసిన 75 శాతం మొలకలో గట్టి గింజలను కూడా కలిపే లెక్కిస్తారు. ప్రాణమున్నదని, వేళ రాలేదని ప్రభుత్వమే ఒప్పుకున్నదన్నమాట. మరి మన పరీక్షలలో గడులెన్ని? రెండే. ఉత్తీర్ణత, అనుత్తీర్ణత. పప్పుగింజకు దొరికిన మూడవ గడి మనిషి బిడ్డకు దొరకలేదు.

నా వద్ద చదివిన ఒక విద్యార్థిని గురించి చెబుతాను. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలోనే ఆమె చదువు ఆగింది. నిఖా అయింది, ఇద్దరు బిడ్డలు కలిగారు. పెద్దపాపకు రెండవ తరగతి తెలుగు వాచకం చెప్పబోయి, తనకు అక్షరాలపై ఉన్న ఇష్టం చావలేదని ఆమె గ్రహించింది. సార్వత్రిక పాఠశాల ద్వారా ఇంటరు పూర్తిచేసి, తొమ్మిదేళ్ళ తర్వాత డిగ్రీలో చేరబోయింది. ఒకచోట దరఖాస్తు చూసి, “ఇన్నేళ్ళ గ్యాప్ ఏమిటమ్మా?” అని తిప్పి పంపారు. ఆమె మరొకచోటికి నడిచింది. నేను ఆమెకు ఛందస్సు చెప్పాను. గణవిభజనలో తరగతిలో ఆమెను మించినవారు లేరు. ఇప్పుడు ఆమె బి.ఎడ్. చదువుతున్నది. తిప్పి పంపిన చోటనే ఆమె ఆగిపోయి ఉంటే, ఆ తొమ్మిదేళ్ళను చూసినవారు తాలుగింజ అనే అనుకొని ఉండేవారు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన సమాజంలో చదువు మధ్యలో ఆగినవారు, ముఖ్యంగా ఆడపిల్లలు, ప్రతి వీధిలోనూ ఉన్నారు. వారి దరఖాస్తులో ఖాళీ సంవత్సరాలను లోపంగా గాక నిద్రగా చదవండి. అట్టివారికి ప్రతి సంవత్సరం కొన్ని స్థానాలు, ఇంటిపని ముగించుకొని రాదగిన వేళలో ఒక తరగతి ఏర్పాటు చేయండి. అమెరికాలోని మిషిగన్ వ్యవసాయ కళాశాలలో బీల్ అనే అధ్యాపకుడు 1879లో గింజలను ఇసుకతో కలిపి 20 సీసాలలో పాతిపెట్టాడు. ఆయన పోయినా ఆయన వారసులు వేళ తప్పక ఒక్కొక్క సీసా తీస్తున్నారు. 2021లో తీసిన సీసాలోని గింజలు కొన్ని 142 సంవత్సరాల తర్వాత మొలిచినవి. చివరి సీసా 2100లో తీయాలి. ఒక కళాశాల గడ్డి గింజలకోసం ఇంత ఓపిక పట్టగలిగినప్పుడు, మనం మన బిడ్డలకోసం పది సంవత్సరాల ఓపిక పట్టలేమా?

విద్యార్థులారా, మీకు కూడా ఒక మాట. నిద్ర గొప్పదని చెప్పి మీ బద్ధకానికి నేను అండ ఇవ్వడం లేదు. నిద్రించే గింజకు ఆయువు ఉన్నది గాని అమరత్వం లేదు; పాతిన గింజలలో ఏటేటా కొన్ని చచ్చిపోతూనే ఉంటాయి. నిద్రనుండి లేచినదంతా మేలు చేస్తుందనీ అనలేము. ధర పడిపోయి సుబాబుల్ నరికించి, వేర్లు పెకలించిన చేలలో ఏళ్ళ తర్వాత కూడా పాత గింజలు మొలిచి, పత్తి సాళ్ళ మధ్య కలుపై రైతును వేధిస్తున్నవి. ఎప్పుడు లేవాలన్నది గింజ చేతిలో లేదు. లేచిన తర్వాత ఏమి కావాలన్నది కూడా దాని చేతిలో లేదు. మనిషికి ఆ రెండింటిలోను కొంత భాగం ఉన్నది. అదే మనకూ గింజకూ గల తేడా.

తోటి విద్యార్థి ఎవరైనా ఈ ఏడు వెనుకబడితే అతనిని తాలు అనకండి. అతని పక్కన కూర్చొని ఒక పాఠం చెప్పి చూడండి. వేడినీటికి లేచే గింజ ఒకటి, పొగకు లేచేది ఒకటి, వానకై వేచేది ఒకటి. మీ మాట ఏ గింజకు తాళపుచెవి అవుతుందో ముందుగా ఎవరికి తెలుసు?